తలుపులమ్మత్త నూతిలో ఆకుపచ్చ పెచ్చు

నర్సీపట్నం,
మే 6, 1979.

రాళ్లు పరీక్షించే ఆఫీసులోని సోమసుందరం గారికి, నూతులు తవ్వే మంగరాజు నమస్కారం.

మాకవరపాలెంలో తలుపులమ్మత్తకు నిరుడు నుయ్యి తవ్వాను. ఆ నీళ్లతో టీ పెడితే సిరాలా నల్లబడుతోంది. "నీళ్లదేటుందిరా? నీ సెయ్యే మంచిది కాదు!" అని నలుగురిలో అనేసింది. అప్పట్నుంచి నన్ను ఎవరూ గొయ్యి తియ్యడానికైనా పిలవడం లేదు.

ఎండలకు నీళ్లు దిగాక చూస్తే, లోపలి నల్లరాతి మీద ఆకుపచ్చగా, గాజులా పెచ్చు కట్టింది. గోరుతో గీస్తే గీత పడింది. పొట్లం కట్టి పంపాను. తప్పు దీనిదా, నా చేతిదా? కాగితం మీద రాసివ్వండి.

ఇట్లు, ఒళ్లు మండుతున్న
మంగరాజు

తా.క.: నాలుక మీద పెట్టుకుని చూశాను. మేకు చప్పరించినట్టుంది.


విశాఖపట్నం,
మే 15.

మంగరాజుకు శుభం.

పొట్లంలో ఆకుపచ్చ పెచ్చు లేదు, తెల్లపొడి ఉంది. దారిలో ఆరిపోయి ఉండవచ్చు. తడి పోకుండా మళ్లీ పంపండి.

ఇట్లు,
సోమసుందరం

తా.క.: తెలియని రాళ్లు నాకకండి.


నర్సీపట్నం,
మే 20.

అయ్యా సోమసుందరం గారూ, నమస్కారం పెట్టాలి కాబట్టి పెడుతున్నాను.

ఆకుపచ్చది ఆరితే తెల్లబడుతుందా? మా నాన్న ఆకుపచ్చ తువ్వాలు నా చిన్నప్పట్నుంచీ ఆరేస్తున్నాం, తెల్లబడలేదే! మీ ఆఫీసులో ఎవరో నా రాయి నొక్కేసి సున్నం పోశారు. ఇక్కడ నాతో మట్టి తోడే కొండన్న కూడా "నీతో దిగితే నా సెయ్యీ సెడిపోతాది" అని మానేశాడు.

తడి పోకూడదన్నారుగా! ఈసారి పెచ్చు సీసాలో వేసి, నిండా నీళ్లు పోసి, మైనంతో బిగించాను. ఎలా ఆరుతుందో నేనూ చూస్తాను.

ఇట్లు, మీరే మండించిన
మంగరాజు

తా.క.: సీసా చూసి పోస్టుమాస్టరు, "సారా ఆఫీసుకేటి, తిన్నగా ఆయనింటికే పంపొచ్చు కదా" అన్నాడు.


విశాఖపట్నం,
మే 30.

మంగరాజుకు శుభం.

సీసా చేరింది. రాయి లేదు. కోప్పడకండి, కరిగిపోయింది.

దానితోనే సంగతి తేలింది. గోటికి గీత పడేది, ఆరితే తెల్లబడేది, నీళ్లలో కరిగేది, కరక్కాయ పొడి కలిపితే సిరాలా నల్లబడేది అన్నభేది అనే ఇనుప ఉప్పు. మీ నల్లరాతిలో ఇనుమూ గంధకమూ ఉన్నాయి. వాటికి గాలీ తడీ తగిలి ఇది పుడుతుంది. టీ నల్లబడేదీ దానివల్లే. ఆ నీళ్లు తాగవద్దు. తప్పు రాతిది, మీ చేతిది కాదు.

ఇట్లు,
సోమసుందరం

తా.క.: సీసాలో సారా లేదని మా పెద్దగుమాస్తా ఇంకా నమ్మడం లేదు.


నర్సీపట్నం,
జూన్ 12.

సోమసుందరం గారికి నమస్కారం. ఎంత పని చేశారండీ!

మీ ఉత్తరం టీకొట్టు దగ్గర గట్టిగా చదివాను. తప్పు రాతిదేనని అందరూ ఒప్పుకున్నారు. అక్కడితో ఆగారా? కరక్కాయ మాట పట్టుకుని తలుపులమ్మత్త, ఆ పొడి నూతినీళ్లలో కలిపి తలకి పట్టించింది. తెల్లజుట్టంతా కాకిరెక్కలా అయిపోయింది. ఇప్పుడు ఊళ్లో ముసలాళ్లంతా నూతి దగ్గర క్యూ! "నీ సెయ్యి బంగారంరా మంగరాజూ" అంటోంది అత్త. తప్పు రాతిదైతే గొప్ప నాదెలా అయిందండీ? అడిగితే వినేవాడు లేడు.

రోలుగుంట నుంచి మన్మథరావు గారు బండి కట్టుకుని వచ్చారు. "మాకూ అలాటి నుయ్యే తవ్వాల" అని పట్టుబట్టారు. అక్కడ మంచినీళ్లు పడ్డాయంటే నా పేరు గంగలో కలిసినట్టే! ఈ పాడురాయి రోలుగుంటలో ఎక్కడుందో బేగి రాయండి.

ఇట్లు, చేతులు పట్టుకుని బతిమాలుతున్న
మంగరాజు

తా.క.: మన్మథరావు గారిది బట్టతల. ఆ సంగతి నేనెత్తలేదు.