గుమ్మం దగ్గరి తాడు

ఆదివారం రాత్రి, యారాడ.

నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. పిల్లల్ని అడవుల్లో నడిపించే మాస్టారంటే వాళ్లకు ప్రాణం. ఈ ఉదయం మా మనవరాలు గౌరి కూడా ఆయన వెంట వెళ్లింది. ఆరేళ్ల కిందట అలా వెళ్లిన దాని అన్న వాగులో కొట్టుకుపోయాడు. తాడు తీసుకెళ్లలేదని ఊరంతా మాస్టారినే తిట్టింది. ఆ నింద ఆయనే మోశారు.

తాడు మోయాల్సింది మా మనవడే. గుమ్మం దగ్గర మరిచిపోయి వెళ్తుంటే చూశాను. సముద్రం మీద చేపల వేటకెళ్లే వాళ్లను వెనక నుంచి పిలవం కదా, వాడినీ పిలవలేదు.

ఈ ఉదయం మాత్రం అరిచాను. "ఓలమ్మీ, ఆగు! తాడుందా?"

"ఎనకనుంచి పిలుత్తావేటి నానమ్మా!" అని గౌరి నవ్వింది.

కోడలు రాయడం ఆపింది. "ఆ రోజు నువ్వు సూసినావా అత్తా?"

"సూసినాను. అదీ రాయి."