తలుపేసుకుని క్యాబేజీ

వదినకి,

మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను తప్ప అందరూ కులాసా.

మా ఆయనకి ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదని నీకు తెలుసుగా. ఆ మనిషి ఇప్పుడు ప్రతి ఆదివారం వంటింట్లో దూరి తలుపేసుకుంటున్నారు. ఏం చేస్తున్నారండీ అంటే, క్యాబేజీ పొట్లాలట! ఆకు వేడినీళ్ళలో ముంచి, ఈనె నలిపి, మధ్యలో అన్నం, బఠాణీ పెట్టి చుట్టడం. చిరిగినవి నాకు. చక్కగా వచ్చినవి డబ్బాలో సర్దుకుని "షాపుకెళ్ళొస్తా" అంటారు. ఆదివారం టైలరు షాపేమిటి వదినా? దువ్విన తల మళ్ళీ దువ్వుకోవడమేమిటి?

నీ ఆడపడుచు

తా.క.: చిరిగినవి కూడా రుచిగానే ఉంటున్నాయి. అదే నా భయం.

*

చిట్టీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదువుతూ పాలు పొంగబెట్టేశాను.

అడక్కుండా మగవాడు వంటింట్లోకి వెళ్ళాడంటే వెనకాల ఎవరో ఉన్నట్టే. మీ ఆయన బంగారం, కాదనను. ఎత్తుకుపోయేదీ బంగారాన్నే కదా! ఏడవకు, అడగకు. వెనకాలే వెళ్ళు. చప్పుడు చెయ్యని చెప్పులు వేసుకో.

మీ వదిన

తా.క.: పొట్లాల్లో ఉల్లిపాయ వేస్తున్నారేమో చూసి రాయి. మానేశారంటే వ్యవహారం ముదిరినట్టే.

*

వదినకి,

ఉల్లిపాయ వెయ్యడం లేదు.

వెళ్ళాను. బేకరీ వెనక సందులో పచ్చ తలుపు ఇల్లు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ తలుపు తీసింది, నవ్వింది కూడా. కిటికీ కింద నక్కి విన్నాను. "ఈసారి ఎక్కడా చిరగలేదే! ఏదీ, ఆ చెయ్యి ఇలా ఇవ్వండి" అంది. ఇచ్చేశారు వదినా! ఆవిడ ఒక్కో వేలూ పట్టుకుని నొక్కుతుంటే ఈయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నా జాకెట్టుకి హుక్కు కుట్టమంటే మాత్రం నెల్లాళ్ళుగా రేపు, మాపు. ఈయన నన్ను వదిలేస్తే నేనేమైపోవాలి?

నీ ఆడపడుచు

తా.క.: కిటికీ కింద ముళ్ళ మొక్క ఉందని కూర్చున్నాకే తెలిసింది. ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను.

*

చిట్టీ,

పెట్టె సర్దు. నీది కాదు, ఆయనది.

ఈ ఆదివారం మీ అన్నయ్యని పంపిస్తున్నాను. ఇద్దరూ కలిసి ఆ ఇంట్లోనే పట్టుకోండి. సంగతి చెప్పగానే మీ అన్నయ్య మొహం పాలిపోయింది. "మనకెందుకే, అదే సర్దుకుంటుంది" అని నసిగారు. చెల్లెలంటే ఎంత బెంగో పాపం! నేనే చొక్కా తొడిగి బస్సెక్కిస్తాను.

మీ వదిన

తా.క.: నా అదృష్టం కొద్దీ మీ అన్నయ్య నా దగ్గర ఆవగింజంత కూడా దాచలేరు.

*

వదినకి,

పచ్చ తలుపు నేనే తట్టాను. ఆ కళ్ళజోడావిడ ఆస్పత్రిలో చేతులకి వ్యాయామం చేయిస్తుందట. ఈయనకి వేళ్ళు మొద్దుబారి సూది పట్టు తెలియడం లేదట! గట్టిగా నొక్కితే పాడైపోయేదేదైనా చేసి, వారం వారం తెచ్చి చూపించమందట. గుడ్డని ఎంత నలిపినా ఓర్చుకుంటుంది, క్యాబేజీ ఆకు ఓర్చుకోదు. ఉల్లిపాయ తరిగితే కత్తి వేలి మీద పడ్డా తెలియదని మానేశారట.

నాకెందుకు చెప్పలేదని నిలదీశాను. "వేళ్ళు పనిచెయ్యని టైలర్ని ఏం చేసుకుంటావని భయమేసింది" అన్నారు. అక్కడే ఏడ్చేశాను. ఏడుస్తూనే తిట్టాను. వేళ్ళు చూసి చేసుకున్నానా వదినా నేను ఈయన్ని?

ఇప్పుడు తలుపు వేసుకోవడం లేదు. నేను పక్కనే కూర్చుంటున్నాను. ఆకు చిరిగితే భయంగా నావైపు చూస్తారు. నేను చూడనట్టు ఊరుకుంటాను.

నీ ఆడపడుచు

తా.క.: తలుపు తీయగానే ఆవిడ నన్ను పట్టించుకోకుండా, అన్నయ్యని చూసి "రండి రండి, మీ బావగారి వేళ్ళు దారిలోకొస్తున్నాయి" అంది. ఈయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిందీ, ఆ ఇల్లు చూపించిందీ, ఎవరికీ చెప్పనని ఒట్టేసిందీ అన్నయ్యేనట! నీకు మొహం చూపించలేక ఇక్కడే మా వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. ఎప్పుడు పంపమంటావు?