ముప్పై మొక్కల అట్టలు

జూలై 8, మంగళవారం
సంధ్యకు సీటు వచ్చింది. ఎమ్మెస్సీ. విత్తనాల మీద చదువట. ఉత్తరం ఫోనులోనే వచ్చింది. నాలుగుసార్లు చదివించుకున్నాను. ఏడో తరగతి దగ్గర ఆగిన మనిషిని నేను... నా కూతురికి ఎమ్మెస్సీ. దుకాణంలో కూర్చోలేకపోతున్నాను. కలకత్తా ఆకు అడిగినవాళ్లకు నాటు తమలపాకు కట్టి ఇచ్చాను. పక్కన చాయ్ దుకాణం ఖలీల్ భాయ్ నవ్వుతున్నాడు. "సీటు బిడ్డకొచ్చింది మల్లన్నా, కాళ్లకు చక్రాలు నీకొచ్చినయ్."

జూలై 9
ఉత్తరం కింద ఇంకో మాట ఉందట. నా సంతోషం చూసి సంధ్య నిన్న చెప్పలేదు. డిగ్రీలో బాటనీ ల్యాబు చేయలేదు కాబట్టి ఆగస్టు ఆఖరులోగా ఎక్కడైనా చేసి, అక్కడి మేడం సంతకంతో కాగితం తేవాలి. లేకపోతే సీటు తర్వాతివాళ్లకు.

ల్యాబు ఎందుకు లేదో నాకు తెలుసు. మూడో ఏడాది నా కాలు విరిగింది. మధ్యాహ్నాలు దుకాణంలో కూర్చోవడానికి, ల్యాబు ఉన్న పేపరు వదిలేసి లేనిది తీసుకుంది. నన్ను ఒక్క మాట అడగలేదు.

జూలై 14
సంగారెడ్డిలో ఒక కాలేజీ ఒప్పుకుంది. మైక్రోస్కోపు పని, రికార్డు పుస్తకం, ఇంకా ముప్పై రకాల మొక్కలు — పువ్వుతో, వేరుతో ఎండబెట్టి అట్టల మీద కుట్టాలి. హెర్బేరియం. నోరు తిరిగింది నాకు. ఖలీల్ భాయ్‌కి కూడా నేర్పాను.

జూలై 20, ఆదివారం
షేరింగ్ ఆటోలో ఝరాసంగం వైపు, మేమిద్దరమే. చెలక గట్ల మీద ఉత్తరేణి, తుమ్మి, పల్లేరు, జిల్లేడు... నేను పేరు చెప్తుంటే ఆమె రాసుకుంటోంది. "గింత తెల్సినోనివి, ఏడుకే బడి ఎందుకు బంద్ జేసినవ్ నాయినా?" తర్వాతి మొక్క పేరు చెప్పి నవ్వాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒకామె, "గడ్డి ఎవలకు, మేకలకా?" అంది. "కాదమ్మా, ఎమ్మెస్సీకి" అన్నాను.

జూలై 28
మూడు రోజులు ల్యాబు పని. సంగారెడ్డిలో స్నేహితురాలి గదిలో ఉంటుంది. నిన్నటికి పూర్తయిన ముప్పై మొక్కలు నాకు అప్పగించి పోయింది. పాత పేపర్ల మధ్య పరిచి, పైన ఇసుర్రాయి పెట్టింది. "రోజు కాయిదాలు మార్చు నాయినా, గంతే." గంతేనట... బిడ్డ చదువు నా చేతిలో పెట్టి.

జూలై 29
కాగితాలు మార్చాను. ఆకులు వాడిపోయి, ముడుచుకుపోయి ఉన్నాయి. ప్రాణం ఉసూరుమంది. హడావిడిలో నీళ్ల సంగతి చెప్పడం మరిచిపోయినట్టుంది. నలభై ఏళ్లుగా ఆకు పట్టుకున్న చేయి ఇది. తడి ఆరితే ఆకు లేదు. పల్చగా చల్లి, తడి గోనెగుడ్డ కప్పాను. తుమ్మి కాస్త తేరుకున్నట్టే కనిపించింది.

జూలై 30
మార్చాను. చల్లాను.

జూలై 31
తమలపాకుల మీద కప్పడానికి గోనెగుడ్డ పొద్దున దుకాణానికి తీసుకుపోయాను. మధ్యాహ్నం సంధ్య వచ్చి పేపర్లు విప్పింది. బూజు. నల్ల మచ్చలు. ముప్పైలో ఎనిమిది మిగిలాయి. మా ఇంటామె లక్ష్మి, "ముసురు వట్టింది గద బిడ్డా, గట్లనే అయితది" అంది. సంధ్య నేల మీద కూర్చుండిపోయింది. "తడి తగిలితె ఖరాబయితయమ్మా. నేనే బరువు మంచిగ పెట్టలేదేమొ."

నీళ్లు చల్లింది నేనే కదా... దుకాణానికని లేచి వచ్చేశాను.

ఆగస్టు 2
దుకాణం. ఇల్లు. దుకాణం. ఎక్కడా నిలవలేకపోతున్నాను.

ఆగస్టు 3
ఖలీల్ భాయ్‌కి చెప్పాను. గ్లాసు కడగడం ఆపి విన్నాడు. "నాకు జెప్తె ఏం ఫాయిదా? బిడ్డకు జెప్పు."
"ఏమంటదో భాయ్."
"ఏమంటె గది విను."

ఆగస్టు 4
సంధ్యకు చెప్పాను, అన్నం తింటుండగా. ముద్ద కంచంలో పెట్టేసింది.
"నీళ్లు చల్లినవా?"
"చల్లిన."
"మూడు దినాలా?"
"రెండే బిడ్డా."
లేచి చేయి కడుక్కుంది. "ఒక్క ఫోన్ జేసి అడగొద్దా నాయినా." అంతే. గట్టిగా అరిచినా బాగుండేది.

ఆగస్టు 5
సంధ్య మాట్లాడలేదు. దుకాణం లక్ష్మికి ఒప్పజెప్పి న్యాల్‌కల్ ఆటో ఎక్కాను. వానలో, ఈ కాలుతో, గట్లన్నీ తిరిగి తొమ్మిది తెచ్చాను. చూసింది. "వేర్లేవి? గిట్ల తుంచుకొస్తరా ఎవలన్న?"
మాట్లాడింది. చాలు.

ఆగస్టు 6
చిన్న గునపం పట్టుకుని మళ్లీ పోయాను. అవే తొమ్మిది, ఈసారి వేర్లతో.

ఆగస్టు 10
సంధ్య రాయికోడ్ వైపు పోయి పదకొండు తెచ్చింది. పేపర్లు తనే మారుస్తోంది. నేను గడప దగ్గర నిలబడి చూస్తాను. ముట్టుకోను. "లోపటికి రా నాయినా, కొరుకుతయా అవి" అంది. అయినా పోలేదు.

ఆగస్టు 24
అట్టల మీద కుట్టడం అయింది. సూది లక్ష్మిది. ఇరవై ఎనిమిదే. రెండింటికి పూత అయిపోయింది, దొరకలేదు.

ప్రతి అట్ట మూలన ఒక చీటీ. మొక్క పేరు, ఊరు, తేదీ, సేకరించినవారు. తొమ్మిదింటి మీద నా పేరు రాసింది.
"నా పేరెందుకు బిడ్డా. నువ్వు తేలేదని మేడం తీసేస్తె?"
"తెచ్చింది నువ్వయితె నా పేరెట్ల రాయాలె?"
మల్లేశం. ఎంత చక్కగా రాసింది. భయంగానే ఉంది... అయినా లేచి లేచి పోయి చూస్తున్నాను.

ఆగస్టు 28, గురువారం
ఏడు గంటల బస్సుకు పోయింది. ఫోను జేబులో, చేతిలో, మళ్లీ జేబులో.

సాయంత్రం వచ్చింది. మైక్రోస్కోపు పరీక్ష బాగా అయింది. రికార్డు మీద సంతకం పడింది. అట్టలు చూసి పెట్టాల్సిన సీటు కాగితం మీద మాత్రం పడలేదు. రెండు తక్కువైనందుకు ఏమీ అనలేదట మేడం. మల్లేశం ఎవరని అడిగిందట. మా నాయిన అని చెప్పిందట. ఆ తొమ్మిదీ పక్కకు తీసి, శనివారం మీ నాయినను తీసుకొని రమ్మందట.
"ఎందుకట?"
"చెప్పలే."
"కోపంగున్నదా?"
"మేడం మొకం ఎప్పటికి గట్లనే ఉంటది నాయినా."

ఆగస్టు 29
రేపు పోవాలి. ఎల్లుండితో గడువు ఆఖరు. లక్ష్మి తెల్ల చొక్కా ఉతికి ఆరేసింది, వాన చూసి మళ్లీ లోపలికి తెచ్చింది. నీళ్లు చల్లిన సంగతి అడిగితే చెప్పాలా అన్నాను. "అడగకున్న చెప్పు" అంది సంధ్య.

మేడం అడుగుతుందేమోనని, తొమ్మిది మొక్కలు ఏ గట్టు మీద, దేని పక్కన దొరికాయో పొద్దున్నుంచి వల్లె వేస్తున్నాను. ఆరు వరకు బాగానే వస్తున్నాయి. ఏడోది దారి పక్కనా, కంది చేను లోపలా... తేలడం లేదు.