బేఫికర్ మొహం

వీరమ్మక్కకు, నీ తమ్ముడు నర్సింలు కాళ్లకు మొక్కి రాసేది. నేను బాగానే ఉన్నాను. బావ, అత్తమ్మ, నువ్వు, నీ పొత్తిళ్లలోని పసిది అంతా బాగున్నారని తలుస్తున్నాను.

పంతులుగారితో రాయించిన నీ ఉత్తరం అందింది. ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు కాబట్టి ఈ పిల్లను చాటలో వేసి, పెంటకుప్ప మీద పెట్టి తీసి, పెంటమ్మ అని పిలవాల్సిందేనని అత్తమ్మ పట్టుబడుతోందన్నావు. "ఏ పేరు పెడ్దామన్నా గుండె దడదడమంటున్నది తమ్మీ. పిల్ల పండుకున్నా దిక్కుదిక్కు చూస్త కూసుంటున్న. నువ్వే ఒక పేరు చెప్పు" అన్నావు. అది చదివినప్పటి నుంచి నాకు తిండి సయించడం లేదు.

తిండి కూడా ఏముందిలే ఇక్కడ! గోధుమ రొట్టె, ఉడకబెట్టిన చిక్కుడు గింజలు. మొన్న చెట్టు కింద నల్లటి పళ్లు కనబడితే అల్లనేరేడు అనుకుని నోట్లో వేసుకున్నాను. థూ, చేదు విషం! వాటితో నూనె తీస్తారట. వీలైతే కొంచెం పల్లికారం పంపించు. ఈ చలి ముందు మన జహీరాబాద్ చలి ఏపాటిది? అయినా కంబళ్లు ఇచ్చారు, ఫికర్ చెయ్యకు. యుద్ధం మాకు దూరంగానే ఉంది, పటాలానికి రోడ్లు వెయ్యడమే మా పని. దేశం పేరు మాత్రం రాయొద్దని హుకుం.

ఇక అసలు సంగతి. పోయిన వారం ఒక తోటలో రోడ్డు కోసం తవ్వుతుంటే నా పార ఖంగుమంది. మట్టి తీసి నీళ్లు చల్లేసరికి, నేలలోంచి ఒక ఆడమనిషి నా వైపు చూసింది! అబ్బ, అక్కా, ఒళ్లు జలదరించింది. రంగు పూసిన బొమ్మ కాదు. శనగబద్దలంత రాళ్లు ఒకదాని పక్కన ఒకటి పొదిగి చేశారు. గడ్డం కింద నీడకు ఆకుపచ్చ రాళ్లు పెట్టారు. అలా పెడితే నిజం చర్మంలా ఉంటుందని ఆ మహానుభావుడికి ఎలా తట్టిందో! ఎన్ని ఇళ్లలో బండలు పరిచాను, నేలకు మొహం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. ఎవరూ చెప్పకుండానే అందరం బూట్లు విప్పేశాం.

తల పక్కన ఏవో అక్షరాలున్నాయి. మనం బిందెల మీద కొట్టించుకున్నట్టు ఇంటావిడ పేరేమో అనుకున్నాను. ఆ ఊరి చర్చి ముసలాయన వచ్చి చదివి, అరబ్బీలో ఏదో చెప్పాడు. మాతో పనిచేసే కోహీర్ ఊరి ఖాదర్ భాయికి అరబ్బీ ముక్కలు కొన్ని వచ్చు. ఆయనకూ సగమే అర్థమైంది. అప్పుడు ముసలాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, హాయిగా ఊపిరి వదిలి చూపించాడు.

"అరే నర్సింలూ, ఈమె మనిషి కాదట. బేఫికరట!" అని ఖాదర్ భాయి అరిచాడు. "గుండెల ఏ ఫికర్ లేకుంటె ఎట్లుంటదో, గా సంగతినే ఆడమనిషిని చేసి కూసోబెట్టిన్రట!"

"ఫికర్ లేకపోవుడు గూడ ఒక మనిషా భాయ్?"

"ఏమో, గా కాలపోళ్లకు కనవడ్డదేమో."

మన ఇంట్లో బేఫికర్ అంటే నాయిన నన్ను తిట్టే తిట్టు. ప్రతి ఉత్తరంలో ఫికర్ చెయ్యకు, ఫికర్ చెయ్యకు అని రాస్తాను గానీ, చెయ్యని మనిషి మొహం ఎలా ఉంటుందో నేనెప్పుడు చూశాను? నవ్వుతూ ఉంటుందనుకున్నాను. నవ్వడం లేదక్కా. చాలా ఏడ్చి, ఏడుపు తీరిపోయాక మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నట్టుంది. ఎన్ని తరాలు మట్టి కింద ఉందో, ఆ కళ్లలో నెమ్మది చెక్కుచెదరలేదు. నాకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను.

మా పని చూసే తెల్లదొర రోడ్డును పక్కకు జరిపించి, ఆమె మీద ఇసుక కప్పమన్నాడు. మొహం మీద పారతో వెయ్యలేక నేను చేత్తోనే పోశాను.

ఈ పేరే పిల్లకు పెట్టమని రాద్దామని కూర్చున్నాను. కూర్చున్నాక నాకే నవ్వొచ్చింది. పాలు తాగి పడుకునే దానికి ఫికర్ ఎక్కడిది? దానికి అత్తమ్మ చెప్పిన పేరే పెట్టు. ఆమెదీ నీలాంటి భయమే, పాపం. ఈ పేరు నీకు పంపుతున్నానక్కా.

బావకు, అత్తమ్మకు నా దండాలు. నన్ను చల్లగా చూడమని దేవుడికి మొక్కమని వాళ్లకు చెప్పు. పెంటమ్మకు మేనమామ ముద్దులు.

మా బేఫికరక్కకు
తమ్ముడు నర్సింలు