లాంతరు ఆరిన బావి

తాడేపల్లిగూడెం, 1936 మే, సోమవారం

నిన్న ఇదే పుస్తకంలో "ఆకు మనిషికి మంచిగాలే ఇస్తుంది" అని రాశాను. అది సగమే నిజం. పచ్చని ఆకు ఎండలో బొగ్గుపులుసు గాలిని పీల్చుకుంటుంది. రాలి కుళ్ళితే ఆ గాలినే తిరిగి వదులుతుంది. మిషన్ బడిలో మొదటి సగం విని, బహుమతి పుచ్చుకుని వచ్చేశాను కాబోలు.

పెరట్లో పాడుబావిలోకి మూడేళ్ళుగా ఊడ్చి పోసిన ఆకు ఎరువైందని, నారుమడికి తీస్తానని మా అబ్బాయి సుందరం పొద్దున తాడు పట్టుకున్నాడు. "దిగరా, ఆకులేగా, ఏం కాదు" అన్నది నేనే. బావుల్లో పూడిక తీసే నాగయ్య అడ్డుపడ్డాడు.

"ముందు లాంతరు దించాలండీ."

"లోపల దెయ్యముందా ఏవిటి?" అన్నాను.

"మీ చదువు మీదండీ అమ్మగారూ, పేణం బాబుగారిదండీ."

లాంతరు రెండు నిలువుల లోతుకు వెళ్ళి, గాలి వీచకుండానే ఆరిపోయింది. వెలిగించి దించితే మళ్ళీ ఆరిపోయింది. సుందరం కాలు అప్పటికే గట్టు దాటి ఉంది.

దీపాన్నీ మనిషి ఊపిరినీ ఆపేసే ఆ బొగ్గుపులుసు గాలికి వాసన లేదు, రంగు లేదు. ఇంకెక్కడ నిండి ఉందో... ఎండలకు కొల్లేరు వెనక్కి తగ్గి, అక్కడి తుంగగడ్డంతా కుళ్ళుతోంది. ఆరుబయట చెదిరిపోతుందని తెలుసు. నాకు తెలుసు అన్న మాటంటేనే ఇవాళ భయంగా ఉంది.

పక్కగదిలో సుందరం గురక. ఇన్నాళ్ళూ తిట్టిన గురకే. అది ఆగినప్పుడల్లా కలం ఆపి వింటున్నాను.

రేపు వడ్రంగి చేత బావికి చెక్కమూత వేయించాలి. లాంతరుకు కొత్త వత్తి తెప్పించి, నాగయ్య చేతికే ఇవ్వాలి.