మూగ టీవీకి నోరిచ్చిన సోదరుడు

శాన్ బెర్నబే కొండ,
ఫిబ్రవరి 3

పర్యవేక్షకురాలు సోదరి ఓఫెలియా గారికి, ప్రభువు పేరిట వందనాలు.

తెర మీద మనిషి నోరు ఆడిస్తున్నాడు, మాట రావడం లేదు. ఎదురుగా పద్నాలుగు మంది పిల్లలు ఆవులిస్తున్నారు. చెప్పండి, మీరైతే చేతులు కట్టుకుని కూర్చుంటారా?

మొన్నటి పిడుగుకి మా బడి టీవీ గొంతు పోయింది. పట్నం నుంచి టీవీ పాఠాలు డిష్‌లోకి దిగుతున్నాయి, బొమ్మ ఉంది, మాటే లేదు. టీచరమ్మ నియేవెస్ ఒక్కర్తే పక్కగదిలో ఏడు, ఎనిమిది తరగతులతో నలుగుతోంది. అందుకని తొమ్మిదో తరగతి టీవీ పక్కన నేను నిలబడి, ప్రార్థన మందిరం మైకులో బొమ్మకు అర్థం చెబుతున్నాను. నేను చదివింది నాలుగో తరగతి, అదీ సగం. అయినా బైబిల్లో దేవుడు నోరిచ్చిన బిలాము గాడిద ఏ కాలేజీలో చదివి మాట్లాడింది?

మెకానిక్ అక్కర్లేదు. మైకుకు బ్యాటరీలుంటే పంపండి.

ఇట్లు,
ఎలియాసార్ క్వౌత్లె
తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు, దైవ సేవకుడు

తా.క. నిన్న తిమింగలం పాఠం. దాని పొట్టలో బైబిలు ప్రవక్త చేసిన మూడు రోజుల బస గురించి గంటసేపు చెప్పాను. ఒక్క ఆవులింత లేదు.


ఫిబ్రవరి 12

సోదరుడు ఎలియాసార్ గారికి నమస్కారం.

మీ ఉత్తరం ఆఫీసంతా చదివి వినిపించాను. బొమ్మతో పాటు మనిషి వ్యాఖ్యానం! పైవాళ్లు ఏడాదిగా మమ్మల్ని చేయమంటున్నది ఇదే. జిల్లా మల్టీమీడియా బోధన పోటీకి మీ పేరు పంపేశాను. మీరు వాడే పరికరాలేమిటో రాయండి.

మీ
ఓఫెలియా బర్రియెంతోస్

తా.క. పిల్లల ఉత్సాహం ఎలా ఉంది? ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంది.


ఫిబ్రవరి 20

గౌరవనీయ సోదరికి వందనాలు.

పరికరాలంటారా, గుంజకు కట్టిన మైకు హారన్ ఒకటి ఉంది. పొద్దున్నే దోన్యా చెంచా అనే ఆవిడ ఇంట్లో పంది మాంసం తయారైందని చాటేది కూడా అదే. ఇక ఉత్సాహం సంగతి. కణం రెండుగా చీలడం చూపించారు, నేను సముద్రం చీలిన కథ ఎత్తుకున్నాను. చెంచా కూతురు బెత్సబే లేచి, "అన్నా, మరి మధ్యలోంచి ఎవరు నడిచారు?" అంది. "నమ్మినవాళ్లు" అన్నాను. రాసుకుంది.

కిటికీ బయట నుంచి చెంచా, "నీ కథ వింటూ రొట్టెలు మాడ్చేశానన్నా. మా పిల్లకి లెక్కలు ఇక్కడే చెబుతావా, పరలోకంలోనా?" అంది. బైబిలు రాకాసి గొల్యాతు ఎత్తు మూరల్లో కొలిపించాను కదా, చాలదా?

మీ సేవకుడు,
ఎలియాసార్

తా.క. పోటీ కోసం నల్లకోటు ఇస్త్రీ చేయించాను. బొత్తాం పట్టడం లేదు. ఊపిరి బిగబట్టి బోధిస్తాను.


మార్చి 16

ఎలియాసార్ గారికి,

పరీక్ష పేపర్లు దిద్దాం. పద్నాలుగు మందీ తప్పారు. ఉప్పు ఎలా ఏర్పడుతుందంటే తొమ్మిది మంది "ఒకావిడ వెనక్కి తిరిగి చూసినందువల్ల" అని మీ బైబిలు కథే రాశారు.

పోటీ మాట మరచిపోండి. వచ్చే శుక్రవారం మళ్లీ పరీక్ష. సగం మందైనా గట్టెక్కకపోతే మీ ఊళ్లో తొమ్మిదో తరగతి ఎత్తేస్తారు. ఆపైన పిల్లలు కొండ దిగి రెండు గంటలు నడవాలి. ఆడపిల్లల్ని అంత దూరం ఎవరు పంపుతారో మీరే చెప్పండి.

మెకానిక్‌ను పంపుతున్నాను.

ఓఫెలియా

తా.క. బెత్సబే జవాబు ఇది: "తిమింగలం పొట్టలో ఎవరూ బతకరు, అక్కడ ఆమ్లం ఉంటుంది. కానీ అన్న నొచ్చుకుంటాడని మూడు రోజులు అని రాస్తున్నాను." సగం మార్కు వేశాను.


మార్చి 22, బుధవారం ఉదయం

సోదరికి, తలవంచి వందనాలు.

మెకానిక్ టీవీ వెనక్కి వెళ్లి ఒక తీగ లాగాడు. టీవీ మాట్లాడింది. "పిడుగు కాదు సోదరా. ఎవడో ఈ రంధ్రంలో తీగ గుచ్చి దీని నోరు నొక్కాడు" అన్నాడు.

ఆ ఎవడో నేనే. పాఠం ఊరంతా వినిపించాలని హారన్‌కు కలపబోయి ఏదో తీగ గుచ్చాను. ఆ సాయంత్రమే పిడుగు పడింది, నేరం దాని మీదకు పోయింది. రెండో వారంలో నాకు అనుమానం వచ్చింది. అప్పటికి పిల్లలు నా మాటలు రాసుకుంటున్నారు. ముప్పై ఏళ్ల బోధలో నా మాట ఒకరు రాసుకోవడం అదే మొదలు. తీగ ముట్టుకోలేదు. గాడిద మాట్లాడటం అద్భుతమే, ఆపకపోవడం ఉత్త గాడిదతనం.

ఇదంతా హారన్‌లోనే ఊరికి ఒప్పుకున్నాను. కానీ తల్లిదండ్రులు పిల్లల్ని చేలోకి తోలుకుపోతున్నారు. "మళ్లీ తప్పి నవ్వులపాలు కావాలా?" అంటున్నారు. కాళ్లావేళ్లా పడ్డాను. చివరికి చెంచా, "ఆ పరీక్ష నువ్వూ రాయన్నా. నవ్వితే ముందు నిన్ను చూసి నవ్వుకుంటాం. అప్పుడు పంపుతాం" అంది. అందరూ సరేనన్నారు.

సోదరీ, పద్నాలుగు కాదు, పదిహేను పేపర్లు కావాలి. పదిహేనోదాని మీద నా పేరు లేకపోతే శుక్రవారం బెంచీలన్నీ ఖాళీ. ఈ ఉత్తరం తెచ్చిన లారీ పన్నెండు గంటలకు మీ గుమ్మం ముందు నుంచే తిరిగి వస్తుంది. నిబంధనలు రేపు వెతుక్కోవచ్చు.

వెనక బెంచీ నుంచి,
ఎలియాసార్

తా.క. మూడు రోజులుగా నోరు మూసుకుని టీవీ వింటున్నాను. ఉప్పు సంగతి తెలిసింది. భిన్నాల దగ్గర మాత్రం ఇంకా అరణ్యంలోనే తిరుగుతున్నాను. నేను వెనక్కి తగ్గకముందే సంతకం పెట్టి పంపండి. ఈ రోజే పంపండి.