తెల్ల చిక్కుడుగింజ

1807 మే 4, సోమవారం
ఈ రోజు నుంచి ఎవరినీ వెక్కిరించను. జూన్ ఒకటిన మా ఊరి గ్రంథాలయ సంఘం నన్ను చేర్చుకోవాలా వద్దా అని ఓటు వేస్తుంది. సభ్యుడికో చిక్కుడుగింజ. తెల్లవి ఎక్కువైతే నేను లోపల, నల్లవైతే బయట. లండన్ నుంచి రెండు పెట్టెల పుస్తకాలు వచ్చాయట. నావన్నీ నిరుడు వరదలో పోయాయి. ఇంట్లో చదవడానికి పంచాంగం తప్ప ఏమీ లేదు.
ముప్పై ఏళ్ళుగా ఊరివాళ్ళందరినీ నా నవలల్లోకి ఎక్కించాను. పేర్లు మార్చాను గాని ముక్కులు మార్చలేదు. ఇప్పుడు ఓటు వేసేది ఆ ముక్కులే.

మే 5
ఎవరినీ ఏమీ అనలేదు. ఎవరూ కనబడలేదు కూడా.

మే 9
ఊరి సేన కవాతు. నడిపేది కర్నల్ పంఫ్రీ, సంఘం అధ్యక్షుడూ ఆయనే. సగంమంది చేతుల్లో తుపాకులు, మిగతావారి చేతుల్లో చీపురుకర్రలు. "ఎడమకు తిరుగు" అంటే నలుగురు సారాకొట్టు వైపు తిరిగారు. పెదవి కొరుక్కున్నాను.
"ఏంటన్నయ్యా, పన్ను నొప్పా?" అంది చెల్లెలు కెజియా.
"కాదు, సంకల్పం."

మే 11
మౌనం చాలదు, మెచ్చుకోవాలి. కర్నల్ గుర్రం మీద నిటారుగా కూర్చున్నాడని, ఆయన గొంతు నది అవతలికి వినబడిందని రాశాను. రెండూ నిజాలే. జెబులన్‌కి ఇచ్చాను. పత్రిక అచ్చువేసేది అతనే, సంఘంలో సభ్యుడు కూడా. ఊళ్ళో నాతో ఇంకా మాట్లాడేదీ అతనొక్కడే.

మే 16
పత్రిక వచ్చింది. ఊరు పడీపడీ నవ్వుతోంది. నా పేరు కింద పొగడ్త కనబడితే అందులో కత్తి వెతుక్కుంటారు.
"ఒరే ముసలోడా, ఒక్క తిట్టు లేకుండా తోలు ఒలిచేశావు కదరా," అన్నాడు జెబులన్.
"నిజంగానే మెచ్చుకున్నానురా."
"ఆ మాట కూడా వేద్దాం. ఇంకా నవ్వుతారు."
వివరణ రాయాలి. రేపు.

మే 18
రాయలేదు. వీధిలో ఇద్దరు నన్ను చూసి టోపీ తీశారు. ఎన్నేళ్ళయిందో. పైగా నవ్వింది వాళ్ళు, నేను కాదు.

మే 23
వైద్యుడికి, పాస్టరుగారికి తలా ఒక పొగడ్త. ఈసారి మనస్ఫూర్తిగా కాదు. పాస్టరుగారి ప్రసంగాలతో ఊరికి నిద్ర కరువు తీరిందన్నాను. రాస్తుంటే చెయ్యి పాతికేళ్ళ కుర్రాడిదైపోయింది.

జూన్ 1
తెల్ల గింజ ఒక్కటే. జెబులన్‌ది అనుకుని వెళ్ళి చేతులు పట్టుకున్నాను.
"నాది నల్లదిరా," అన్నాడు. "నువ్వు మంచోడివైపోయి అక్కడ చదువుకుంటూ కూర్చుంటే నా పత్రికకి రాసేదెవడు?"
సాయంత్రం కర్నల్ వచ్చాడు. సంఘం గ్రంథాలయం నుంచి ఒక పుస్తకం తన పేరు మీద తెచ్చి, చదువుకోమని నా బల్ల మీద పెట్టాడు.
"నా గురించి ఇంత మంచిగా ఎవరూ రాయలేదండీ. తెల్లది వేశాను. జనం ఎందుకు నవ్వుతున్నారో మాత్రం తెలియడం లేదు. మీకేమైనా తెలుసా?"
"అసూయ," అన్నాను.

జూన్ 2
మళ్ళీ ఓటు డిసెంబరులోనట. ఈ రోజు నుంచి ఎవరినీ వెక్కిరించను. కర్నల్ గురించి అసలు రాయనే రాయను, మెచ్చుకుంటూ కూడా. జెబులన్ సంగతి వేరు. అతని మీద మొదటి అధ్యాయం ఉదయమే అయిపోయింది. అచ్చుకి అతనికే ఇవ్వాలి. ఊళ్ళో ఇంకో అచ్చుయంత్రం లేదు.